ఒకే డబ్బా, రెండు జిల్లాలు: వీలాన్ ఎట్లా పుట్టింది?

మన చరిత్ర ఎపిసోడ్స్‌లో ఇప్పటిదాకా కోటలు చూశాం, గుళ్లు చూశాం, కాలువలు చూశాం. ఈ రోజు ఇంకో రకం చరిత్ర. ఒక ఇనుప డబ్బా, దానికి వరసగా పదహారు రంధ్రాలు, ఒక్కో రంధ్రం దగ్గర టిక్కుటిక్కుమని కొట్టుకునే పచ్చ లైటు. దాన్ని నెట్‌వర్క్ స్విచ్ అంటారు. ఆ రంధ్రాలను పోర్ట్‌లు అంటారు. మీరు కాలేజీలోనో, ఆసుపత్రిలోనో, లాడ్జిలోనో వైఫై పట్టుకున్నారంటే, దాని వెనకాల ఏదో ఒక గోడకు ఇలాంటి డబ్బా ఒకటి వేలాడుతూ ఉంటుంది.

ఆ ఒక్క డబ్బాను రెండు మూడు వేర్వేరు డబ్బాల్లాగా పనిచేయించే పద్ధతి ఉంది. పేరు వర్చువల్ లాన్. షార్ట్‌గా వీలాన్. దీన్ని ఎవరు, ఎందుకు కనిపెట్టారు అనేది ఈ రోజు కథ. కానీ నేను దీన్ని పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఆళ్లగడ్డలో సిగ్గుపడి నేర్చుకున్నాను. ముందు అది చెప్పేస్తాను.

పదేళ్లు దాటింది. అప్పుడు నేను నంద్యాలలో ఒక కంప్యూటర్ షాపులో పనిచేసేవాణ్ని. కేబుల్ లాగడం, కొన క్రింప్ చేయడం, లైటు వెలిగితే డబ్బులు తీసుకుని రావడం. ఆళ్లగడ్డలో ఒక రెండంతస్తుల బిల్డింగ్‌కి వైరింగ్ నేనే చేశాను. కింద నెట్ సెంటర్. పైన ఒక చిన్న ఆఫీసు. ఓనర్ ఒక్కడే కాబట్టి కనెక్షన్ ఒక్కటే, స్విచ్ కూడా ఒక్కటే. మామూలు చౌక స్విచ్. రెండు అంతస్తుల వైర్లూ తెచ్చి అందులోనే గుచ్చేశాను. అన్ని లైట్లూ వెలిగాయి. పని అయిపోయింది అనుకున్నాను.

కొన్ని నెలల తర్వాత ఒక రోజు మధ్యాహ్నం ఫోన్. నెట్ సెంటర్‌లో సగం సిస్టమ్స్‌లో నెట్ రావట్లేదు. ఆ రోజు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆఖరి రోజు. నేను బస్సెక్కి నలభై కిలోమీటర్లు పోయేసరికి లోపల పిల్లలు, బయట తల్లిదండ్రులు. మోడెమ్ ఆఫ్ చేసి ఆన్ చేశాను. కేబుల్స్ మార్చాను. వింత ఏంటంటే, పనిచేస్తున్న సిస్టమ్‌ను రీస్టార్ట్ చేస్తే అది కూడా పోతోంది. రెండు గంటలు కొట్టుకున్నాను.

ఒక పాప, వాళ్ల నాన్న వరసలో నిలబడి ఉన్నారు. ఆయన శిల్పి. ఆళ్లగడ్డ రాతి శిల్పాల సంగతి మీకు తెలుసు కదా. పని మీద నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, జుట్టు నిండా తెల్లగా రాతి దుమ్ము. ఒక్కటే అడిగాడు. "ఏమప్పా, ఇంకా ఎంతసేపు పడతాది?" "ఐదు నిమిషాలన్నా" అన్నాను. ఆ ఐదు నిమిషాలు ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు. చివరికి చీకటి పడే టైమ్‌కి వాళ్లిద్దరూ నంద్యాల బస్సెక్కి పోయారు. అక్కడ కూర్చునేసరికి సగం ఆప్షన్లే పెట్టగలిగారని తర్వాత తెలిసింది. ఆ పాపకు అనుకున్న కాలేజీ రాలేదు.

ఏం జరిగిందో మర్నాడు మా షాపు పెద్దాయన వచ్చి పది నిమిషాల్లో చెప్పాడు. పై ఆఫీసువాళ్లు ఇంట్లో వాడుకునే చిన్న వైఫై రౌటర్ ఒకటి కొని, గోడకున్న సాకెట్‌లో గుచ్చారు. వాళ్ల తప్పేం లేదు, ఫోన్‌కి వైఫై కావాలనుకున్నారు, అంతే. కానీ కంప్యూటర్ ఆన్ అయినప్పుడు నెట్‌వర్క్‌లోకి ఒక కేక వేస్తుంది. "నాకు అడ్రస్ ఎవరైనా ఇస్తారా?" అని. దీన్నే బ్రాడ్‌కాస్ట్ అంటారు. ఎవరు ముందు జవాబిస్తే వాళ్ల మాట నమ్ముతుంది. కింద వేసిన కేక పైన కొత్త రౌటర్‌కి కూడా వినపడింది. అది ముందుగా అడ్రస్ ఇచ్చేసింది. బయటికి దారి నేనే అని కూడా చెప్పింది. దానికేమో బయటికి దారే లేదు. అందుకే రీస్టార్ట్ చేసిన ప్రతి సిస్టమూ ఒక్కొక్కటిగా ఆ గుంటలో పడింది.

"పైవాళ్ల కేక కిందికి, కిందివాళ్ల కేక పైకి ఏంటికి వినపడాల రా?" అన్నాడు పెద్దాయన. నా దగ్గర జవాబు లేదు. రెండు అంతస్తులనూ ఒకే గదిలో పెట్టింది నేనే.

సరే, ఇక చరిత్రలోకి వద్దాం. ఎందుకంటే ఈ కేకల గోల నాతో మొదలవలేదు. నెట్‌వర్క్ పుట్టినప్పటి నుంచి ఉంది.

1973లో అమెరికాలో జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ అనే ఆయన ఈథర్నెట్ అనే ఆలోచన రాసిపెట్టాడు. ఆయన, డేవిడ్ బాగ్స్ కలిసి దాన్ని పనిచేయించారు. ఆ రోజుల్లో ఈథర్నెట్ అంటే ఒక్కటే పొడుగు కేబుల్. అన్ని కంప్యూటర్లూ దానికే తగిలించాలి. ఒకరు మాట్లాడితే అందరికీ వినపడుతుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ పాడవుతాయి, మళ్లీ మొదలుపెట్టాలి.

మన వైపు వాళ్లకు ఇది చెప్పడం తేలిక. ఒకే పిల్లకాలువ మీద ఇరవై మంది చేలు ఉన్నాయనుకోండి. మధ్యలో తూములు లేవు, షట్టర్లు లేవు. పైన ఎవరో ఒకరు కట్ట తెగ్గొడితే కింద అందరి చేలూ ఎండుతాయి. తప్పు ఒకరిది, నష్టం అందరిది. మొదటి నెట్‌వర్క్‌లు అచ్చం అట్లాగే ఉండేవి.

1980ల్లో బ్రిడ్జ్ అనే పరికరాలు వచ్చాయి. రెండు మూడు కేబుళ్లను కలిపి, ఎవరి మాట ఎటు పోవాలో గుర్తుపెట్టుకునేవి. కానీ వీటిని గుండ్రంగా కలిపితే ఒకే మాట తిరిగి తిరిగి వస్తూ నెట్‌వర్క్‌ను ముంచేస్తుంది. 1985లో రేడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ దీనికి పరిష్కారం కనిపెట్టింది. పేరు స్పానింగ్ ట్రీ. ఎక్కువగా ఉన్న దారులను మూసేసి, నెట్‌వర్క్‌ను చెట్టులాగా చేస్తుంది. కొమ్మలుంటాయి కానీ చుట్టు తిరగదు. ఇప్పటికీ ఆ ఆలోచన స్విచ్‌లలో బతికే ఉంది.

ఇప్పుడు మన అసలు మనిషి వస్తాడు. పేరు డేవిడ్ సిన్‌కోస్కీ. అమెరికాలో పెద్ద ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీని 1984లో ముక్కలు చేశాక బెల్‌కోర్ అనే పరిశోధన సంస్థ ఏర్పడింది. ఈయన అక్కడ పనిచేసేవాడు. ఫోన్ కంపెనీవాళ్లు కాబట్టి ఆలోచన కూడా ఆ సైజులోనే ఉండేది. ఈథర్నెట్‌తో ఒక ఊరి ఫోన్లన్నీ మోసేంత పెద్ద నెట్‌వర్క్ కట్టగలమా? అదీ ఆయన ప్రశ్న.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే ఆ చెట్టు దగ్గరే. చెట్టు ఒక్కటే కాబట్టి ట్రాఫిక్‌లో చాలా భాగం మొదట్లో ఉన్న ఒక్క పరికరం మీదుగానే పోవాలి. మిగతా దారులన్నీ మూసి ఖాళీగా పడి ఉంటాయి. ఆళ్లగడ్డ నుంచి పోయే బండ్లు చాలావరకు ఒకే చౌరస్తా దాటాలంటే ఎట్లుంటుంది? అట్లా.

సిన్‌కోస్కీ ఆలోచన సింపుల్. ఒక్క చెట్టు ఎందుకు, చాలా చెట్లు పెడదాం. ప్రతి మాటకూ ఒక గుర్తు తగిలిద్దాం. ఎర్ర గుర్తు ఉన్నవి ఒక చెట్టు మీద, పచ్చవి ఇంకో చెట్టు మీద, నీలివి మరో చెట్టు మీద పోతాయి. వైర్లు అవే. దారులు వేరు. ఆయన, చేజ్ కాటన్ కలిసి 1988లో దీని మీద ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. ఆ గుర్తునే ఇప్పుడు మనం ట్యాగ్ అంటున్నాం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆయన ఎందుకు చేశాడు? నెట్‌వర్క్‌ను పెద్దది చేయడానికి. విడగొట్టడానికి కాదు. కానీ లోకం ఆ గుర్తును తీసుకుని ఎక్కువగా దేనికి వాడింది? విడదీయడానికి. మన కేసీ కెనాల్ కథ కూడా ఇట్లాంటిదే. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860ల్లో దాన్ని తవ్వించినప్పుడు పొలాలతో పాటు పడవలు కూడా పెద్ద లెక్కే. సరుకు పడవల మీద పోతుంది, లాభాలొస్తాయి అనుకున్నారు. కంపెనీకి లాభాలు రాలేదు. 1882లో ప్రభుత్వం తీసుకుంది. ఇప్పుడు నంద్యాల దగ్గర ఆ కాలువ చూసి పడవలు గుర్తొచ్చేవాళ్లు ఎవరున్నారు? వరి గుర్తొస్తుంది. తవ్వినవాళ్లు ఒకటి తలిచారు, వాడుకున్నవాళ్లు ఇంకొకటి చేశారు.

మళ్లీ అమెరికాకు. 1990లో ఒక చిన్న కంపెనీ మొదటి ఈథర్నెట్ స్విచ్‌ను అమ్మింది. దానికి ఏడు పోర్ట్‌లు. కంపెనీ పేరు వింటే ఆశ్చర్యపోతారు. కల్పన. అవును, మన కల్పనే. పెట్టినవాళ్లలో ఒకరు వినోద్ భరద్వాజ్, భారతీయుడు. భార్య పేరే కంపెనీకి పెట్టాడు. 1994లో సిస్కో దాన్ని కొనేసింది. అప్పటికి ఆఫీసుల్లో స్విచ్‌లు పెరుగుతున్నాయి, వీలాన్‌లు వస్తున్నాయి. కానీ ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. ఒకరి ట్యాగ్ ఇంకొకరి స్విచ్‌కు అర్థం కాదు. ఈ గొడవ తీర్చింది ఐ ట్రిపుల్ ఈ సంస్థ. 1998లో 802.1క్యూ అనే ప్రమాణం తెచ్చింది. ట్యాగ్ సైజు 4 బైట్లు. అందులో వీలాన్ నంబర్‌కి 12 బిట్లు. 0 నుంచి 4095 దాకా నంబర్లు వస్తాయి. మొదటిది, చివరిది పక్కన పెడితే మనం వాడుకోగలిగేవి 4094.

ఇదే టైమ్‌లో మనం ఎక్కడున్నాం? 1991 ఉప ఎన్నికలో పీవీ నరసింహారావు గారు ప్రధానిగా ఉంటూ నంద్యాల నుంచి ఎంపీగా గెలిచారు. ఆయన ప్రధానిగా ఉండగానే, 1995 ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో సామాన్య జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. అంటే దేశంలోకి నెట్ వచ్చిన రోజు ప్రధాని మన నంద్యాల ఎంపీ. నంద్యాల బజార్లో నెట్ సెంటర్ బోర్డులు వేలాడటానికి మాత్రం ఇంకా ఏళ్లు పట్టింది. అది వేరే సంగతి.

ఇప్పుడు ఆళ్లగడ్డకు తిరిగొద్దాం. పెద్దాయన సంచిలోంచి ఒక పాత స్విచ్ తీశాడు. చూడ్డానికి నేను పెట్టినదాని లాగే ఉంది, పదహారు పోర్ట్‌లు. తేడా ఏంటంటే దీన్ని మేనేజ్డ్ స్విచ్ అంటారు, లోపల సెట్టింగ్స్ ఉంటాయి. "వైర్లు కదిలియ్యొద్దు. రాసేది మారిస్తే చాలు" అన్నాడు.

ఆ మాట నాకు పూర్తిగా అర్థమైంది 2022లో. ఆ ఏడాది ఏప్రిల్ 4న నంద్యాల కొత్త జిల్లా అయింది. ఆళ్లగడ్డ అంగుళం కూడా కదల్లేదు. రోడ్లు అవే, కాలువ అదే, మనుషులు అదే. కానీ నిన్నటిదాకా కర్నూలు కలెక్టరేట్‌కు పోయిన కాగితం ఈ రోజు నంద్యాలకు పోతోంది. మారింది రికార్డు. పోర్ట్ ఆధారంగా చేసే వీలాన్ అంటే ఇదే. ఏ పోర్ట్ ఏ జిల్లాలో ఉందో స్విచ్ ఒక పట్టీలో రాసుకుంటుంది. ఒక జిల్లాలో వేసిన కేక ఆ జిల్లా పోర్ట్‌లకే పోతుంది. పక్క జిల్లాకు వినపడదు.

చేసే పద్ధతి చెప్తాను, జాగ్రత్తగా వినండి. మా పెద్దాయన చేసింది ఇది. ఒకటి నుంచి ఎనిమిది పోర్ట్‌లు నెట్ సెంటర్‌కి, వీలాన్ 10. తొమ్మిది నుంచి పదిహేను పై ఆఫీసుకి, వీలాన్ 20. పదహారో పోర్ట్ రౌటర్‌కి. మామూలు కంప్యూటర్ తగిలే పోర్ట్‌లో ట్యాగ్ ఉండదు, దాన్ని యాక్సెస్ పోర్ట్ అంటారు. రౌటర్‌కి పోయే పదహారో పోర్ట్‌లో రెండు వీలాన్‌లూ ట్యాగ్‌లతో పోతాయి, దాన్ని ట్రంక్ అంటారు. రౌటర్‌కి ట్యాగ్‌లు చదవడం రావాలి. ఒక్కో వీలాన్‌కి వేరే అడ్రస్‌లు అదే ఇస్తుంది. పది వాళ్లు ఇరవై వాళ్లతో మాట్లాడాలన్నా రౌటర్ గుండానే పోవాలి. వద్దంటే అక్కడే ఆపేయొచ్చు.

కొత్తవాళ్లు తప్పు చేసేది రెండు చోట్ల. రెండూ నేను చేశాను.

మొదటిది, పీవీఐడీ. చాలా చౌక స్విచ్‌లలో రెండు పేజీలు ఉంటాయి. ఒక పేజీలో ఏ పోర్ట్ ఏ వీలాన్‌లో సభ్యుడో టిక్ పెడతాం. ఇంకో పేజీలో పీవీఐడీ ఉంటుంది. ట్యాగ్ లేకుండా లోపలికొచ్చిన మాటను ఏ వీలాన్ కింద రాసుకోవాలో అది చెప్తుంది. మొదటి పేజీ మార్చి రెండోది మరిచిపోతే ఏమవుతుంది? బయటికి పోయేది వీలాన్ 10 ప్రకారం, లోపలికి వచ్చేది పాత వీలాన్ 1 ప్రకారం. ఇంటి తలుపు మీద కొత్త నంబర్ రాసి, రేషన్ కార్డులో పాత అడ్రస్ ఉంచినట్టు. లైట్లన్నీ వెలుగుతుంటాయి, పని మాత్రం జరగదు.

రెండోది ఇంకా ఘోరం. నా ల్యాప్‌టాప్ మూడో పోర్ట్‌లో ఉంది. స్విచ్ సెట్టింగ్స్ పేజీ వీలాన్ 1లో ఉంది. నేను ఉత్సాహంగా మూడో పోర్ట్‌ను వీలాన్ 10లోకి మార్చి సేవ్ కొట్టాను. పేజీ అక్కడే ఆగిపోయింది. ఇంక స్విచ్ నాతో మాట్లాడదు. "కూర్చున్న కొమ్మను నరుక్కుంటివే" అని పెద్దాయన ఒకటే నవ్వు. రీసెట్ కొట్టి మళ్లీ మొదటి నుంచి. అందుకే సెట్టింగ్స్ కోసం ఒక పోర్ట్‌ను ముట్టుకోకుండా ఉంచండి, దాన్ని చివర్లో మార్చండి.

ఇంకో మాట. కొన్ని స్విచ్‌ల మెనూలో "పోర్ట్ బేస్డ్ వీలాన్" అని, "802.1క్యూ వీలాన్" అని రెండు విడిగా ఉంటాయి. మొదటిదాంట్లో ట్యాగ్ ఉండదు. ఏ పోర్ట్ ఏ పోర్ట్‌తో మాట్లాడొచ్చో అంతే. ఆ గీతలు ఆ డబ్బా వరకే. ఒకే స్విచ్ ఉంటే చాలు. పక్క బిల్డింగ్‌లో ఇంకో స్విచ్ ఉండి, ఒకే కేబుల్ మీద రెండు వీలాన్‌లూ పోవాలంటే మాత్రం ట్యాగ్ ఉన్న రెండోదే కావాలి.

వీలాన్ పెడితే అన్నీ బాగైపోతాయా? కాదు. నెట్ స్పీడ్ పెరగదు, వచ్చే కనెక్షన్ ఒక్కటే కదా. మీ డేటా రహస్యంగా మారదు, అది వేరే పని. నెట్ సెంటర్‌లోనే ఎవరైనా కొత్త రౌటర్ గుచ్చితే నెట్ సెంటర్ పడుతుంది. ఆ గుంట పూడ్చడానికి డీహెచ్‌సీపీ స్నూపింగ్ అని వేరే సెట్టింగ్ ఉంది. వీలాన్ చేసే మేలు ఒక్కటే. కింద వచ్చిన కష్టం పైకి పోదు, పైన వచ్చింది కిందికి రాదు. ఆ రోజు నాకు కావల్సింది అదొక్కటే.

విడగొట్టడం అనే మాట వింటే మనకు మంచిగా అనిపించదు. ఆస్తులు విడగొట్టుకోవడం, ఊళ్లు విడిపోవడం గుర్తొస్తుంది. కానీ నేను ఆ రోజు నుంచి ఇంకోరకంగా చూస్తున్నాను. తెలియక ఒకరు చేసిన పని, సంబంధం లేని ఇంకొకరి జీవితం మీద పడకూడదు. పై ఆఫీసులో వైఫై కావాలనుకున్న మనిషికీ, కింద కాలేజీ ఆప్షన్లు పెట్టుకుంటున్న పాపకూ ఏం సంబంధం? ఏం లేదు. సంబంధం కలిపింది నా వైరింగ్. మామూలు స్విచ్‌కీ మేనేజ్డ్ స్విచ్‌కీ ఉన్న ధర తేడా కోసం కక్కుర్తిపడ్డాను. ఇంకా నిజం చెప్పాలంటే, అట్లాంటిది ఒకటి ఉందని కూడా నాకు తెలియదు. తెలుసుకోకుండానే పనికి డబ్బులు తీసుకున్నాను.

కొన్నేళ్ల తర్వాత ఆళ్లగడ్డలో ఆ శిల్పిగారి దగ్గరికి పోయాను. గుర్తుపడతాడో లేదో అనుకున్నాను. "అన్నా, ఆ రోజు నెట్ పోయింది నా వల్లే" అని చెప్పేశాను. ఆయన ఉలి పక్కన పెట్టి, "ఆ డబ్బా బాగైందా అప్పా?" అని అడిగాడు. బాగైందన్నా అన్నాను. కూతురు వేరే కాలేజీలో చదివిందని, ఉద్యోగం చేస్తోందని చెప్పాడు. ఆయన ముందున్న రాయి మీద ఇంకా ఒక్క దెబ్బ కూడా పడలేదు. గీతలు మాత్రం గీసి ఉన్నాయి. పాప బాగుందని విని సంతోషమేసింది. దాంతో నా తప్పు మాత్రం చెరిగిపోలేదు.

మీ ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటే, ఈసారి టెక్నీషియన్ వచ్చినప్పుడు ఆయన ఫోన్‌లో చూడండి. ఆ డబ్బా సెట్టింగ్స్‌లో వీలాన్ ఐడీ అని ఒక గడి చాలావాటిలో ఉంటుంది. అందులో ఆయన ఒక నంబర్ కొడతాడు. ఒకే సన్న తీగ మీద ఇంటర్నెట్, ఫోన్, టీవీ ఒకదానికొకటి అడ్డురాకుండా రావడానికి కంపెనీలు ఎక్కువగా వాడేది ఆ నంబర్‌నే. 1988లో సిన్‌కోస్కీ ఎరుపు, పచ్చ, నీలం అనుకున్న గుర్తు మీ ఇంటి దాకా వచ్చింది.

మీలో ఎవరైనా రేపు ఇట్లాంటి పనికి పోతే, కేబుల్ గుచ్చే ముందు ఒక్క ప్రశ్న అడగండి. ఈ డబ్బా మీద ఎంతమంది ఆధారపడి ఉన్నారు, వాళ్లలో ఎవరి తప్పు ఎవరి మీద పడుతుంది? జవాబు ఒక కాగితం మీద రాసుకుని, ఆ తర్వాత స్విచ్ ముట్టుకోండి. ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.